చూపును వాయిదా వేయరాదు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. కార్యవర్గమువారు నన్ను కండ్లను గూర్చి మాటలాడుమని కోరినారు. ఆలోచించి చూడగా ఈ రెండు విషయములకు నడుమ దూరమేమియు లేదు. 25 సంవత్సరములుగా ఈ గ్రామస్థులు పైసా పైసా కూడబెట్టి బీరువాలను పుస్తకములతో నింపినారు. పుస్తకమున్నది, దీపమున్నది, కూర్చుండుటకు బల్లయున్నది. చదువవలసిన కంటికి చూపు లేనిచో ఇవన్నియు వృథయే కదా! ఏ గ్రంథాలయమునందైనను నలుబది యేండ్లు దాటిన పాఠకులు కొందరు క్రమక్రమముగా రాక మానుట కలదు. అడిగినచో “తీరిక లేదండీ” అని బదులు చెప్పుదురు. వారిలో పలువురికి కొరతపడినది తీరిక కాదు, చూపు. ఆ మాట పైకి చెప్పుకొనుటకు మొగమాటపడుదురు. కొందరికి తెలియనే తెలియదు.

నేను మీకు చెప్పదలచిన మాట ఒక్కటే. మన గ్రామములలో చూపు దానంతట అది పోవుటకంటె, మనము దానిని పోనిచ్చుటయే యెక్కువ. “పంట చేతికి రానీ”, “పెండ్లి కానీ”, “ఎండలు తగ్గనీ” అని వాయిదా వేయుచు, తిరిగి రాని దానిని పోగొట్టుకొనుచున్నాము.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. 1996–2000 సంవత్సరముల నడుమ ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదు నగరమునందును, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలయందును అన్ని వయస్సులవారిని 10,293 మందిని పరీక్షించిరి. నూటికి ఇంచుమించు ఇద్దరు అంధులుగా తేలిరి. ఆ అంధత్వములో నూటికి 60 పాళ్లు రెండే కారణముల వలన కలిగినది. ఒకటి శుక్లము, రెండవది తగిన కంటి అద్దములు లేకపోవుట. ఒకదానికి చిన్న శస్త్రచికిత్సయు, రెండవదానికి ఒక జత అద్దములును చాలును. అనగా దీపము చేతికందు దూరములో నుండగా అంతమంది చీకటిలో కూర్చుండిరి!

కన్ను పనిచేయు విధమును ముందుగా తెలిసికొందము. నల్లగుడ్డును కప్పి గడియారపు అద్దమువంటి పారదర్శకమైన పొర యొకటి కలదు. దానిని కార్నియా యందురు. దాని వెనుక కంటిపాప. అది వెలుతురు లోనికి పోవు కిటికీ. కంటిపాప వెనుక పప్పుబద్ద ఆకారముగల కటకము, అనగా సహజమైన అద్దము, ఉండును. ఆ కటకము వెలుతురును కూర్చి వెనుకనున్న రెటీనా యను తెరపై బొమ్మ కట్టించును. ఆ బొమ్మను దృష్టినాడి మెదడునకు చేర్చును. ఈ దారిలో ఎచ్చట అడ్డు కలిగినను చూపు మందగించును. అడ్డు ముందుభాగమున నున్నచో చాలవరకు సరిచేయవచ్చును. వెనుకనున్న తెరయు నాడియు చెడినచో పోయినంత చూపు పోయినట్లే. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో నేను చెప్పబోవు విషయములన్నియు సులభముగా బోధపడును.

మొదట అద్దములతో తీరిపోవు లోపములను చూతము. నలుబది యేండ్ల వయస్సున లోపలి కటకము బిరుసెక్కి, దగ్గరి వస్తువులను చూచుటకు వంగజాలదు. దీనినే మనవారు చత్వార మందురు. పుస్తకమును చేయిచాచి దూరముగా పట్టుకొనుట, సూదిలో దారమెక్కించుటకు మనుమరాలిని పిలుచుట, బియ్యములోని రాళ్ళు కానరాకపోవుట దీని గుర్తులు. ఇది రోగము కాదు, తల నెరయుటవంటిదే. “అద్దాలకు అలవాటుపడితే కళ్ళు మరింత పాడవుతాయి” అను మాట మీరు వినియుందురు. అది నిజము కాదు. అద్దములు ధరించినను ధరింపకున్నను వయస్సుతోబాటు చత్వారము కొంతకాలము పెరుగుచునే యుండును. ధరించినవాడు చదువుకొనును, ధరింపనివాడు చదువు మానుకొనును. భేదమంతియే.

సంతలో దొరకు అద్దములను పెట్టిచూచుకొని కొనువారు కలరు. అక్షరములు కనబడవచ్చును గాని, పరీక్ష జరుగలేదు. నలుబదవ యేట నేత్రవైద్యుని యొద్దకు వెళ్ళుట అద్దముల కొరకు మాత్రమే కాదు; కంటిలోని ఒత్తిడిని, దృష్టినాడిని, రెటీనాను చూపించుకొనుటకు అదియే మంచి తరుణము.

పిల్లల లోపము వేరు. దూరపు వస్తువులు మసకగా కనబడుటను హ్రస్వదృష్టి యందురు. పలకమీది అక్షరములు దగ్గరగా కనబడును, బడిలో నల్లబల్లమీదివి కానరావు. బిడ్డకు తాను సరిగా చూచుటలేదని తెలియదు. లోకమంతయు అందరికి అట్లే కనబడునని తలచును. ఉపాధ్యాయుడు “మొద్దు” అనును, తండ్రి కోపపడును. ఒక జత అద్దములతో తీరవలసిన విషయము ఒక జీవితపు చదువునకు అడ్డుగా నిలుచును. ఆడపిల్లలకు అద్దములు పెట్టించినచో సంబంధములు రావని వెనుదీయు తల్లిదండ్రులకు నాదొక మనవి. చూపు లేని చదువు, చదువు లేని బ్రతుకు, ఇవి అద్దములకంటె పెద్ద లోపములు కావా? బిడ్డలను ప్రతిదినము రెండు గంటలైనను ఆరుబయట పగటి వెలుతురున ఆడుకొననీయుడు. హ్రస్వదృష్టి కలుగకుండుటకు ఇది తోడ్పడునని పరిశోధనలలో తేలినది. సెల్‌ఫోను ముఖమునకు ఆనించుకొని గంటలకొలది చూచు అలవాటును మాన్పింపుడు.

ఇక శుక్లము సంగతి. ఇది కంటిపైన పెరుగు పొర యని అనేకుల భ్రమ. కాదు. కంటిపాప వెనుకనున్న కటకమే గాజు పొగచూరినట్లు మసకబారును. కావున పైన వేయు చుక్కలతోగాని, పసరుతోగాని, పథ్యముతోగాని అది కరుగదు. దానిని తీసివేయుటయే చికిత్స. ఈ విద్య మన దేశమునకు కొత్తది కాదు. సూదివంటి పరికరముతో కటకమును ప్రక్కకు నెట్టు విధానము సుశ్రుత సంహితలోనే వర్ణింపబడినది. అయితే ఆ పద్ధతిలో చూపు పూర్తిగా కుదురుకొనెడిది కాదు, ప్రమాదములును మెండు. ఇరువదవ శతాబ్దమున చాలకాలము కటకమును తీసివేసి, సీసా అడుగువంటి దళసరి అద్దముల నిచ్చెడివారు. 1949 నవంబరు 29వ తేదీన లండనులో హెరాల్డ్ రిడ్లీ యను వైద్యుడు తీసివేసిన కటకపు స్థానమున కృత్రిమ కటకమును అమర్చెను. రెండవ ప్రపంచ యుద్ధమున విమానపు కిటికీల ప్లాస్టిక్కు పెంకులు విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొని సంవత్సరములు గడచినను వాపు కలిగింపకుండుటను గమనించి, ఆయన ఈ యుక్తిని కనిపెట్టెను. నాడు ఆయనను ఎగతాళి చేసినవారు పెక్కురు. నేడు శుక్లమునకు కత్తి పట్టు ప్రతి వైద్యుడును ఆయనకు ఋణపడియున్నాడు.

“శుక్లం ఇంకా ముదరలేదు” అని మన పెద్దలు వేచియుందురు. పాత పద్ధతిలో ఆ మాటకు అర్థముండెడిది. ఇప్పుడు లేదు. మీ దినచర్యకు, మీ పనికి, మీ చదువునకు శుక్లము అడ్డు వచ్చిన దినమే దానికి తగిన దినము. మిక్కిలి ముదరనిచ్చినచో కటకము గట్టిపడి చికిత్స కష్టమగును. ఒక్కొక్కప్పుడు ఉబ్బి కంటిలో ఒత్తిడి పెంచి, ఉన్న చూపునకే ముప్పు తెచ్చును. వేసవిలో చేయించరాదనుటయు నమ్మకమే గాని శాస్త్రము కాదు. షుగరును, రక్తపుపోటును అదుపులో నుంచుకొన్న చాలును. సాధారణముగా నాడే ఇంటికి రావచ్చును. పిమ్మట వైద్యుడు చెప్పిన చుక్కలు క్రమముగా వేసికొనవలెను, కంటిని నులుమరాదు, మురికినీరు సోకనీయరాదు. నొప్పి, ఎరుపు హెచ్చినను, చూపు తగ్గినను మరునాటివరకు ఆగక అదే దినమున వైద్యునికి చూపవలెను. 1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో ఈ చికిత్స ఉచితముగా జరుగుచున్నది. కావున డబ్బు లేదని ఇంట కూర్చుండనక్కరలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఇంటిలో తాతగారికి శుక్లము వచ్చినచో కొడుకులు ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. నాయనమ్మకు వచ్చినచో ఆమెయే “ఇంకెన్నాళ్ళు బ్రతుకుతానురా, నాకెందుకీ ఆపరేషను?” అనును. కొడుకులు ఊరకుందురు. ఆమె ఎన్నాళ్ళు బ్రతికినను, ఆ నాళ్ళన్నియు గోడలు తడుముకొనుచు బ్రతుకవలసినదేనా? ఆమె వద్దన్నను తీసికొనిపోవుడు. మనుమల ముఖములు మరల చూచిన నాడు ఆమెయే మిమ్ము దీవించును.

పోయినను తిరిగి వచ్చు చూపును గూర్చి ఇంతవరకు చెప్పితిని. ఇక పోయినచో తిరిగి రానిదానిని గూర్చి వినుడు. మొదటిది నీటికాసులు. దీనిని గ్లాకోమా యందురు. ఇందులో దృష్టినాడి క్రమముగా క్షీణించును. కంటిలోని ఒత్తిడి పెరుగుట దీనికి ముఖ్యకారణము. ఈ వ్యాధి దొంగవలె వచ్చును. నొప్పి యుండదు, ఎరుపుండదు. ప్రక్కచూపు ముందుగా తగ్గును. ఎదుటిచూపు కడవరకు నిలుచును. పుస్తకములోని అక్షరములు కనబడుచునే యుండును, ప్రక్కనుండి వచ్చు మోటారు సైకిలు కానరాదు. నాకు బాగుగనే కనబడుచున్నది, పరీక్ష యెందుకు అనువారు మోసపోవు చోటు ఇదియే.

దీనికి చుక్కల మందు కలదు; కొందరికి లేజరు గాని, శస్త్రచికిత్స గాని అవసరమగును. కాని చుక్కలు వేసికొన్నందున చూపు పెరుగదు. అందుచేత ఒక సీసా పూర్తికాగానే మానివేయువారు పెక్కురు. చెరువుకట్టకు గండి పడినప్పుడు పూడ్చుదుము కదా. పూడ్చినంతమాత్రమున పోయిన నీరు తిరిగి రాదు. అయినను పూడ్చుట మానుదుమా? మిగిలిన నీటి కొరకే పూడ్చుదుము. ఈ మందు ప్రయోజనమును అట్టిదే. ఇంటిలో ఒకరికి నీటికాసులున్నచో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, బిడ్డలు అందరును పరీక్ష చేయించుకొనవలెను. ఈ వ్యాధి కుటుంబములలో వచ్చుట కలదు. ఇందులో మరొక రకము హఠాత్తుగా వచ్చును. కన్ను ఎర్రబడి, తీవ్రమైన తలనొప్పితో వాంతులగును, దీపము చుట్టు ఇంద్రధనుస్సువంటి వలయములు కనబడును. దీనిని పైత్యమని సోడా త్రాగి పడుకొనరాదు. గంటలలో వైద్యశాలకు చేరవలెను.

రెండవది షుగరు వలన కలుగు రెటీనా వ్యాధి. చిరకాలము షుగరు హెచ్చుగా నున్నచో కంటితెరలోని సన్నని రక్తనాళములు చెడి స్రవించును. తొలిదశలో ఏ గుర్తును కానరాదు. కావున షుగరు ఉన్నవారు చూపు ఎంత బాగుగ నున్నను సంవత్సరమునకొకసారి కంటిపాపను పెద్దదిచేయు చుక్కలు వేయించుకొని రెటీనాను పరీక్ష చేయించుకొనవలెను. సకాలమున లేజరుచేతను, కంటిలోనికిచ్చు సూదిమందుచేతను చూపు నిలుపవచ్చును. ఇంకొక మాట: కంటిముందు మెరపులు మెరసినను, నల్లని చుక్కలు గుంపుగా తేలినను, ఒక ప్రక్కనుండి తెర దిగినట్లయినను రెటీనా ఊడుచున్నదేమోనని అనుమానింపవలెను. ఇది నాడే చూపించుకొనవలసిన ఆపద.

మూడవ తరగతివి మన చేతులారా తెచ్చుకొను ఆపదలు. కోతలలోను, నూర్పిళ్ళలోను వరికంకి మొన గాని, గడ్డిపరక గాని కంటికి తగులుట మామూలే. కార్నియాపై ఏర్పడిన ఆ చిన్న గీతలో క్రిములును, ముఖ్యముగా బూజుజాతివి, చేరి పుండుగా మారును. వెంటనే చికిత్స జరిగినచో చాలవరకు నయమగును. కాని మనమేమి చేయుదుము? ఆముదము వేయుదుము, చనుబాలు పిండుదుము, ఆకుపసరు పోయుదుము, నాలుకతో నలుసు తీయింతుము. లేదా మందులకొట్టులో అడిగి చుక్కలు తెచ్చుకొందుము. వానిలో స్టిరాయిడు కలిసియున్నచో ఎరుపు తగ్గి హాయిగా తోచును, లోపల పుండు పెరుగును. ఆ పుండు మానినను తెల్లని మచ్చ మిగులును. దానినే మన పల్లెలలో పువ్వు వేసిన దందురు. వైద్యుని చీటి లేక ఏ చుక్కను కంట వేయరాదు. ఒకరికి వ్రాసినది మరొకరు వాడరాదు.

తాంబూలపు సున్నము పిల్లల కండ్లలో పడి చూపు పోయిన సందర్భములు కలవు. సున్నము గాని, ఆమ్లము గాని, పురుగులమందు గాని పడినచో ఆ క్షణమే శుభ్రమైన నీటిని ధారగా పోసి కనీసము పావుగంటసేపు కడుగవలెను. కనురెప్పల క్రింద చిక్కిన సున్నపు తునకలు కూడ పోవలెను. ఆసుపత్రి దూరమని ముందు పరుగెత్తరాదు; ముందు నీరు, తరువాత ప్రయాణము.

కండ్లకలక సామాన్యమైనది. కలక వచ్చినవారిని చూచినంతమాత్రమున అది అంటదు. చేతులచేత, తువాళ్ళచేత అంటును. చేతులు కడుగుకొనుచు, తువాలు వేరుగా నుంచుకొన్నచో చాలును. చాలవరకు ఒకటి రెండు వారములలో తగ్గును. నొప్పియు, వెలుతురు చూడలేకుండుటయు, చూపు మసకయు ఉన్నచో అది కలక కాదని గ్రహించి వైద్యుని చూడవలెను. పట్టుదల యున్నచో వ్యాధులను తరిమివేయవచ్చుననుటకు ట్రకోమాయే తార్కాణము. ఒకప్పుడు లక్షలమంది కండ్లను చెరచిన ఈ అంటువ్యాధి ప్రజారోగ్య సమస్యగా భారతదేశమున తొలగిపోయినదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

పసిపిల్లలను గూర్చి నాలుగు మాటలు. సంధ్యవేళ బిడ్డ తడబడుచు నడచినచో అది రేచీకటి కావచ్చును. ‘ఎ’ విటమిను కొరత దీనికి కారణము. ఉపేక్షించినచో కార్నియా ఎండి కరిగిపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధనల ఆధారముతో 1970లో దేశమున బిడ్డలకు ‘ఎ’ విటమిను మోతాదుల నిచ్చు పథకము ప్రారంభమైనది. తొమ్మిదవ నెల మొదలు అయిదవ యేటివరకు ఆ మోతాదులను తప్పక వేయింపుడు. పెరటిలోని మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, పాలు, గ్రుడ్డు ఇవియే దీనికి మందులు. మెల్లకన్ను అదృష్టమని మురియరాదు. చిన్ననాడే సరిచేయనిచో ఆ కన్ను చూచుట మరచిపోవును. కంటిపాపలో పిల్లికన్నువలె తెల్లని మెరుపు కనబడినచో ఒక్క దినమైనను ఆలసింపరాదు; అది కంటిలోని కంతి కావచ్చును. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు పుట్టిన 30 దినములలోపల రెటీనా పరీక్ష జరుగవలెను.

పువ్వు వేసి చూపు పోయినవారిలో పలువురికి ఒకే దారి కలదు: మరొకరి కార్నియాను అమర్చుట. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు దీనిని మొదటిసారి జయప్రదముగా చేసెను. అది మనిషి ఇచ్చిననే దొరకును, ఏ కర్మాగారమునను తయారు కాదు. మరణించిన ఆరు గంటలలోపల నేత్రములను సేకరింపవలెను. అంతవరకు కనురెప్పలు మూసి తడిదూది యుంచి, పైన పంకా ఆపి, తలక్రింద దిండు పెట్టవలెను. ముఖము వికారము కాదు. అద్దములు ధరించినవారును, షుగరు ఉన్నవారును ఈయవచ్చును. దుఃఖసమయమున నిర్ణయించుట కష్టము. కావున బ్రతికియున్నప్పుడే ఇంటివారితో చెప్పియుంచుడు.

చివరకు గ్రంథాలయమువారికి నాలుగు మనవులు. గోడపై దృష్టిపరీక్ష పటమొకటి తగిలించి, ఆరు మీటర్ల దూరమున నేలమీద గీత గీయుడు. వచ్చిన ప్రతి పాఠకుడును ఒక కన్ను మూసి రెండవ కంటితో, పిదప మార్చి చదువవలెను. రెండు కండ్లతో కలిపి చూచినచో ఒక కంటి లోపమును రెండవది కప్పిపుచ్చును. పెద్ద అక్షరముల పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. చదువు బల్లపైన చాలినంత దీపకాంతి యుండునట్లు చూడుడు. చూపు కోలుపోయినవారి కొరకు వారమునకొకనాటి సాయంకాలము ఎవరైనను బిగ్గరగా చదివి వినిపింపుడు.

తెలంగాణమున 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటివెలుగు తొలి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగినవి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న అదే పేరున కార్యక్రమము మొదలైనది. ఇట్టి శిబిరములు వచ్చును, పోవును. మరల వచ్చినప్పుడు చూపించుకొందమని కూర్చుండరాదు. ప్రభుత్వ వైద్యశాల మన యూరికి దూరము కాదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి నేడు ముందువరుసలో కూర్చున్న బాలబాలికలు నడివయస్కులగుదురు. వారిని తీసికొనివచ్చిన తల్లిదండ్రులు వృద్ధులగుదురు. ఆనాటి సంచికను వారు ఒకరిచేత చదివించుకొని వినక, తమ కండ్లతో తామే చదువుకొందురు గాక. అందుకు కావలసిన పని యొక్కటే: ఈ నెలలో ఇంటిలోని వారందరి కండ్లను పరీక్ష చేయింపుడు. నాయనమ్మతో మొదలు పెట్టుడు.